నడిచే తోపు: గన్ ఫౌండ్రీ నుండి ఎద్దుమైలారం వరకు

మా స్టేషన్ ఘన్‌పూర్‌లో గూడ్సు బండ్లు తరచుగా లూపు లైనులో నిలిచి ఉండును. వెనుక వచ్చు ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇచ్చుటకై వాటిని ఆపుదురు. మొన్నటి వానకాలములో ఒక సాయంత్రము అట్లే ఒక మిలిటరీ బండి ఆగినది. బల్లపరుపు వ్యాగన్లపై టార్పాలిన్ కప్పిన వాహనములు వరుసగా ఉన్నవి. ప్రతిదానిలోను టార్పాలిన్‌ను నెట్టుకొని ముక్కు వంటిది ఒకటి పొడుచుకొని ఉన్నది. క్రింది అంచున ఇనుప గొలుసు పట్టీలు, వాటి లోపల చక్రములు కనబడుచున్నవి. ప్లాట్‌ఫారముపై నా ప్రక్కన నిలుచున్న ఇంటర్మీడియట్ విద్యార్థి ఒకడు "సార్, ఇవి ట్యాంకులా, తోపులా?" అని అడిగినాడు. "రెండింటికి భేదమేమి?" అని నేను తిరిగి అడిగినాను. వాడు కొంచెము ఆలోచించి "ట్యాంకు తానే నడుచును, తోపును లాగవలెను" అన్నాడు.

నూరేండ్ల క్రిందటనైతే ఆ జవాబుకు పూర్తి మార్కులు వేయవచ్చును. నేడు తానే నడిచే తోపులు కూడ కలవు. వీటిని స్వయంచలిత శతఘ్నులు అందురు. చూపునకు ట్యాంకు వలెనే ఉండును గాని పని వేరు. ట్యాంకు తన కంటికి కనబడిన దానిని నేరుగా కొట్టును. ఎదుటివాని దెబ్బ తినవలసి వచ్చును గనుక దానికి మందమైన ఉక్కు కవచము అవసరము. శతఘ్ని గుట్ట వెనుక నిలిచి, ఇరువది కిలోమీటర్ల అవతల కంటికి కనబడని లక్ష్యమును లెక్క కట్టి కొట్టును. దానికి కావలసినది కవచము కన్న చలనము. కొట్టిన వెంటనే ఆ చోటు విడిచి పోవలెను. లేనిచో ఎదుటి పక్షము గుండు పోకను బట్టి దాని స్థానమును కనిపెట్టి తిరిగి కొట్టును.

ఈ యంత్రము పుట్టుక వెనుక ఒక చిక్కు ఉన్నది. దూరముగా, గట్టిగా కొట్టవలెనన్నచో తోపు బరువుగా ఉండవలెను. వేగముగా కదలవలెనన్నచో తేలికగా ఉండవలెను. ఈ రెండు కోర్కెలును ఒకదానినొకటి నరికివేయును. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఫ్రాన్సు దేశపు ఇంజనీర్లు ఈ చిక్కును విడదీయుటకు ఇరువది ఏండ్ల పైగా నమూనా వెనుక నమూనా చేసినారు. వాటిలో ఎక్కువ భాగము మూల పడినవి. ఆ కథ దూర దేశపుదే అయినను, దాని మొదటి ప్రకరణములు మన తెలుగు నేల మీద కూడ నడిచినవని చెప్పినచో విద్యార్థులు ఆశ్చర్యపడుదురు.

గోలకొండ కోటకు పోయినవారు పెట్ల బురుజు మీది ఫతే రహబర్ అను తోపును చూచియే ఉందురు. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించినప్పటి తోపు అది. మొగలాయీలు ఎనిమిది నెలలు కోట క్రింద కూర్చున్నారు. ఆ ఏట వానలు ముంచెత్తినవి. బురదలో పెద్ద తోపులను జరుపుట ఎంతటి పనియో బండికి ఎద్దులు కట్టిన మన రైతులకు చెప్పనక్కరలేదు. చివరకు కోట 1687 సెప్టెంబరులో పట్టుబడినది గాని, పట్టుబడినది తోపుల వలన కాదు. లోపలివాడు ఒకడు లంచము తిని తలుపు తీసినాడు. అంత బరువైన తోపు ఒక చోట కూర్చుండిన పిమ్మట అది బురుజులో ఒక భాగమే గాని కదలి యుద్ధము చేయు ఆయుధము కాదు.

డెబ్బది ఏండ్ల తరువాత బొబ్బిలి వద్ద కనబడినది ఇంకొక రకము తోపు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరము రాజు విజయరామరాజు పక్షమున బొబ్బిలి మట్టి కోటను ముట్టడించినాడు. అతడు వెంట తెచ్చినవి పటాలముతో బాటు నడువగల చిన్న ఫిరంగులు. అవి తెల్లవారుజామున కోట గోడలో గండ్లు పెట్టినవి. ఆ గండ్ల వద్ద బొబ్బిలివారు పోరాడిన తీరును, కోట లోపల స్త్రీలకు, పిల్లలకు పట్టిన గతిని తెలుగు వారికి నేను చెప్పనక్కరలేదు. బుర్రకథలో విననివారు ఉండరు. ఆ కథలో తాండ్ర పాపారాయుని కత్తి అందరికి గుర్తుండును. ఆ కత్తికి అందని దూరమున, గోడ కూల్చి మరల చోటు మార్చుకొనుచున్న ఫిరంగి బండ్లు మాత్రము గుర్తుండవు. విజ్ఞాన శాస్త్ర విద్యార్థి వాటిని కూడ చూడవలెను.

ఆ బండ్ల బరువు తగ్గించు పని అప్పటికే ఫ్రాన్సులో ఆరంభమైనది. పూర్వము కంచు తోపును నడుమ బోలుగా పోత పోసెడివారు. బోలు నడిమికి రాక ఒక ప్రక్కకు ఒరిగెడిది. గుండునకు, గొట్టమునకు నడుమ సందు ఎక్కువగా మిగిలెడిది. మందుగుండు వాయువు ఆ సందులో నుండి వృథాగా పోయెడిది. మారిట్జ్ అను స్విస్ శిల్పి, 18వ శతాబ్ది మొదటి సగములో, తోపును గట్టి దిమ్మెగా పోసి తరువాత యంత్రముతో తొలుచు పద్ధతిని తెచ్చినాడు. తొలిచిన గొట్టము నేరుగా ఉండును, సందు తగ్గును. తక్కువ మందుతోనే గుండు అంత దూరము పోవును. మందు తగ్గినచో గొట్టపు మందము తగ్గించవచ్చును. ఈ వరుసనే పట్టుకొని గ్రిబోవాల్ అను సేనాని 1765లో ఫ్రెంచి ఫిరంగి దళమునంతటిని సంస్కరించినాడు. మైదానపు తోపు బరువు దాని గుండు బరువునకు 150 రెట్లు మించరాదని అతని నియమము. ఆరు కిలోల గుండు వేయు తోపు గొట్టము అప్పుడు తొమ్మిది వందల కిలోలకు లోపే ఉండవలెను. బండ్ల ఇరుసులు, చక్రములు ఒకే కొలతకు చేయించినాడు. ఒకదాని చక్రము విరిగినచో ఇంకొకదానిది తగిలించవచ్చును. నేడు ఏ మెకానిక్ షెడ్డులోనైనను మామూలుగా తోచు ఈ సంగతి ఆనాడు గొప్ప కొత్తదనము.

ఆ విద్య నేర్చిన దేశము నుండి వచ్చినవాడే హైదరాబాదు నిజాము అలీఖాన్ కొలువులో చేరిన రేమండ్. 1755లో ఫ్రాన్సు నైరుతి భాగమున గాస్కనీలో పుట్టి, 1775లో మన దేశము చేరినాడు. మరల వచ్చిన ముసలి బుస్సీ క్రింద పని చేసి, అతడు 1785లో చనిపోయిన పిమ్మట హైదరాబాదు వచ్చి ఒక దళమును తయారు చేసినాడు. ఆ దళము క్రమముగా వేలకు వేలుగా పెరిగినది. కాని సైన్యమునకు కవాతు నేర్పినంత మాత్రమున చాలదు, తోపులు కావలెను. వాటిని ఇతరుల వద్ద కొన్నచో ఇతరుల చేతిలో ఉండవలసినదే. అందుచేత 1786లో హైదరాబాదులోనే తోపుల పోత కర్మాగారము వెలసినది. జనులు దానిని తోప్ కా సాంచా అన్నారు. సాంచా అనగా అచ్చు. తోపులు, గుండ్లు రెండును అక్కడ తయారైనవి. నేటి హైదరాబాదులో ఆబిడ్స్ ప్రక్కన గన్ ఫౌండ్రీ అని బస్సు ఆగునప్పుడు దిగువారిలో ఆ పేరునకు కారణమైన పాత గోడలను తలయెత్తి చూచువారు ఎందరో నాకు సందేహమే.

1795 మార్చిలో ఖర్డా వద్ద మరాఠాలతో యుద్ధము జరిగినది. నిజాము ఓడినాడు గాని రేమండ్ దళము నిలిచి పోరినది. 1798 మార్చి 25న రేమండ్ మరణించినాడు. మూసారాంబాగులో గుట్టపై అతని సమాధి, దానిపై కోసుగా నిలిచిన రాతి స్తంభము ఇప్పటికిని కలవు. ఆ పేటకు పేరు కూడ అతని పేరు నుండియే వచ్చినదందురు. అతడు పోయిన ఆరు నెలలకు నిజాము ఇంగ్లీషు కంపెనీతో 1798 సెప్టెంబరు 1న సంధి చేసికొన్నాడు. అక్టోబరు 22న కంపెనీ సేన ఫ్రెంచి దళమును చుట్టుముట్టి, యుద్ధము లేకుండనే ఆయుధములు దింపించినది. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ దీనిని నడిపించినాడు. పన్నెండేండ్ల పోత విద్యకు అంతటితో తెర పడినది. తోపులు చెడ్డవని ఎవ్వరును అనలేదు. అవి ఎవరి పక్షమున ఉన్నవను ప్రశ్నయే వాటి తలరాతను వ్రాసినది. ఇట్టి సంగతి ముందు ఫ్రాన్సు కథలోను రానున్నది గనుక పాఠకులు దీనిని గుర్తుంచుకొందురు గాక.

ఇక భౌతికశాస్త్రమునకు వత్తము. తోపును బండిపై శాశ్వతముగా ఎక్కించి, బండిమీదనే నిలిపి కాల్చుట ఎందుకంత కష్టము? తొమ్మిదవ తరగతి పాఠములోనిదే జవాబు. గుండు ముందుకు పోవునప్పుడు తోపు వెనుకకు తన్నును. రెండింటి ద్రవ్యవేగములు సమానము, దిశలు వ్యతిరేకము. 155 మిల్లీమీటర్ల గొట్టము నుండి 43.75 కిలోల గుండు సెకనుకు 725 మీటర్ల వేగముతో వెలువడినదనుకొందము. ద్రవ్యవేగము సుమారు 31,700 కిలోగ్రామ్ మీటర్లు పర్ సెకను. వెలువడు వాయువుల వాటా ఇంకను అదనము. దానిని ప్రస్తుతము విడిచివేయుదము. ఈ తోపును 17.4 టన్నుల బండికి కదలకుండ బిగించినచో, ఒక్క దెబ్బకు బండి అంతయు సెకనుకు 1.8 మీటర్ల వేగముతో వెనుకకు కదలును. ఇది వడిగా నడుచు మనిషి వేగము. వేగము చిన్నదే అనిపించును. కాని 17 టన్నులను ఒక సెకనులో వెయ్యవ వంతులలో ఆ వేగమునకు తెచ్చు బలము ఎంతటిదో ఊహించుడు. బండి ఇరుసులు నిలువవు.

కావున గొట్టమును బండికి నేరుగా బిగింపరు. గొట్టము ఊయలవంటి తొట్టిలో వెనుకకు జారును; నూనె, గాలి నింపిన సిలిండర్లు దానిని మెల్లగా ఆపి తిరిగి ముందుకు తోయును. జారు భాగముల బరువు 3 టన్నులనుకొందము. అవి సెకనుకు 10.6 మీటర్ల వేగముతో వెనుకకు వచ్చును. వాటిని ఒక మీటరు దూరములో ఆపవలెనన్నచో సగటున 17 టన్నుల బరువునకు సమానమైన బలము కావలెను. జానెడులో సగము, అనగా పది సెంటీమీటర్లలో ఆపవలెనన్నచో దానికి పదింతలు, 170 టన్నులు. ఉపాధ్యాయులు ఈ లెక్కను నల్లబల్లపై వేయించి చూడవచ్చును. ఆపు దూరము ఎంత పెరిగినచో బలము అంత తగ్గును. క్రికెట్టులో బంతిని పట్టువాడు చేతులు వెనుకకు తీసుకొనుటయు ఇదే. అయితే బండి లోపల ఆ మీటరు దూరమును ఖాళీగా ఉంచవలెను. గొట్టము పైకెత్తి కాల్చునప్పుడు దాని మడమ క్రిందికి, బండి అడుగు వైపునకు జారును. అక్కడ ఇంజను ఉన్నచో గతి ఏమి? ఈ ఒక్క ప్రశ్నయే ముందు చెప్పబోవు నమూనాలన్నిటి రూపమును నిర్ణయించినది.

నూనె, గాలి సిలిండర్లను మొదట చక్కగా కుదిర్చినదియు ఫ్రెంచివారే. 1897 నాటి వారి 75 మిల్లీమీటర్ల తోపు నిమిషమునకు పదునైదు గుండ్లు వేసినను చక్రములు కదలెడివి కావు. ప్రతి దెబ్బకు తోపును మరల ముందుకు నెట్టి గురి చూచు శ్రమ పోయినది. మొదటి ప్రపంచ యుద్ధములో ఆ తోపును గుఱ్ఱములు లాగినవి. యుద్ధము చివరలో, 1918లో, సాంషమాఁ కంపెనీ 194 మిల్లీమీటర్ల పెద్ద తోపును గొలుసు చక్రముల బండి ఎక్కించినది. అందులో ఒక చమత్కారమున్నది. తోపు బండిలో ఇంజను లేదు. గుండ్లు మోయు ఇంకొక బండిలో పెట్రోలు ఇంజను విద్యుత్తు పుట్టించును. కేబులు ద్వారా ఆ విద్యుత్తు తోపు బండి మోటార్లకు చేరును. ఇంజను అడ్డము తొలగించుటకు ఇంజనునే వేరే బండిలో పెట్టినారు! ఉపాయము మంచిదే గాని, రెండు బండ్లను తీగతో ముడిపెట్టి యుద్ధరంగములో నడుపుట సుఖమైన పని కాదు.

1940లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయినది. లొరేన్ కంపెనీ చేసిన సరకుల ట్రాక్టరులో ఇంజను నడుమ ఉండి వెనుక భాగము ఖాళీగా ఉండెడిది. జర్మనులు 1942లో ఆ ఖాళీలో తమ తోపులను నిలిపి స్వయంచలిత శతఘ్నులుగా వాడుకొన్నారు. ఫ్రెంచివారి బండి ఎందుకు పనికివచ్చునో శత్రువు వారికి చూపినాడు.

యుద్ధము ముగియునప్పటికి ఫ్రెంచి సైన్యములో ఉన్నవి అమెరికావారిచ్చిన 105 మిల్లీమీటర్ల స్వయంచలిత తోపులు. సొంత పరిశ్రమ నాలుగేండ్లు పరుల చేతిలో నలిగినది. ఇతరుల దయ మీద ఆధారపడరాదని పట్టుపట్టి 1945, 1946 సంవత్సరములలోనే డిజైను బల్లలు తెరిచినారు. పారిస్ ప్రక్కన ఇస్సీలోని ప్రభుత్వ కర్మశాల (దానినే ఎ.ఎం.ఎక్స్. అందురు), లొరేన్ కంపెనీ, నాంత్ నగరములోని బాతిఞోల్ షాతియోఁ కంపెనీ పోటీగా ట్యాంకులు గీసినవి. ఎ.ఎం.ఎక్స్. 50 అను బరువు ట్యాంకు, లొరేన్ 40 టన్నుల ట్యాంకు, బాతిఞోల్ 25 టన్నుల ట్యాంకు, అన్నిటికన్న చిన్నదిగా ఎ.ఎం.ఎక్స్. 13 బయలుదేరినవి. ప్రతి ట్యాంకు చట్రముపైన ఒక శతఘ్నిని కూడ నిలుపవలెనని సంకల్పము. ఒకే చట్రమైనచో విడిభాగములు, డ్రైవర్ల శిక్షణ, మరమ్మతు అన్నియు ఒకటే. గ్రిబోవాల్ ఆలోచనయే ఇంజను కాలములో మరల తలయెత్తినది.

లొరేన్ చట్రముపై 155 మిల్లీమీటర్ల తోపును నిలిపి నమూనా చేసినారు. ఆ చట్రములో చక్రములకు గాలి నింపిన రబ్బరు టైర్లుండుట విశేషము; కుదుపు తగ్గును, బరువు తగ్గును. తుపాకి గుండ్ల నడుమ గాలి టైరు ఎంతకాలము నిలుచునో అని నాకొక సందేహము గలదు. బాతిఞోల్ వారు ఇంకొక అడుగు ముందుకు వేసి 155 మిల్లీమీటర్ల తోపును నాలుగు దిక్కులకు తిరుగు టరెట్టులో పెట్టినారు. టరెట్టు అనగా తిరిగే బురుజు అనుకొనవచ్చును. పెట్ల బురుజును ఊడబెరికి చక్రములపై పెట్టినట్లే! సిబ్బంది అందరు ఉక్కు గోడల లోపల ఉందురు, బండిని కదపకుండ ఏ దిక్కుకైనను కాల్చవచ్చును. కాలమునకు ముందు పుట్టిన ఆలోచన అది.

ఇవి ఏవియు సైన్యములో చేరలేదు. కారణము శతఘ్నిలో లేదు, చట్రములో ఉన్నది. ఎ.ఎం.ఎక్స్. 50కి వేయి అశ్వశక్తుల ఇంజను కావలెనని కోరినారు. జర్మన్ మేబాక్ నమూనా నుండి పెంచిన ఇంజను ఆ శక్తిని నమ్మకముగా ఇయ్యలేకపోయినది. ఇంతలో అమెరికా సైనిక సహాయము క్రింద ప్యాటన్ ట్యాంకులు వందల సంఖ్యలో ఉచితముగా వచ్చిపడినవి. ఉచితముగా వచ్చుచుండగా సొంత ట్యాంకునకు డబ్బు ఎవరిత్తురు? మూడు పెద్ద ట్యాంకులును నమూనాలుగానే ఆగిపోయినవి. వాటి వీపున ఎక్కిన శతఘ్నులు కూడ 1950 దశకము నడుమనే వాటితో బాటు దిగిపోయినవి. 1798లో హైదరాబాదులో వలెనే ఇక్కడను యంత్రపు గుణదోషములు అడిగినవాడు లేడు. చరిత్ర పుస్తకములు తయారైన యంత్రములనే లెక్కించును. మూల పడిన నమూనాలలో ఇంజనీర్ల బుద్ధి ఎంత దాగి ఉన్నదో చూడక తీర్పు చెప్పుట అన్యాయమని నా అభిప్రాయము.

బ్రతికి బట్టకట్టినది ఒక్క ఎ.ఎం.ఎక్స్. 13. విమానములో తీసికొనిపోవుటకు పనికివచ్చు 13 టన్నుల బండి కావలెనని 1946లో కోరగా, 1948లో మొదటి నమూనా, 1952లో తయారీ మొదలైనవి. దానిలో డ్రైవరు ముందు ఎడమ ప్రక్కన కూర్చుండును, ఇంజను అతని కుడిప్రక్కన ఉండును. వెనుక భాగమంతయు ఖాళీ. ట్యాంకు పని కొఱకు చేసిన ఈ అమరిక శతఘ్నికి వరమైనది. గొట్టపు మడమ వెనుకకు, క్రిందికి ఎంత జారినను ఇంజను తగులదు. గుండ్లు వెనుక తలుపు నుండి అందించవచ్చును. ఈ చట్రముపై 1950లో 105 మిల్లీమీటర్ల హోవిట్జరు నమూనా తయారైనది. బరువు 16.5 టన్నులు, సిబ్బంది ఐదుగురు, లోపల 56 గుండ్లు. తోపు మూసిన ఉక్కు గదిలో ఉండును గాని ఆ గది తిరుగదు; ప్రక్కకు ఇరువది డిగ్రీలు మించి గురి చూడవలెనన్నచో బండినే త్రిప్పవలెను. తిరుగు టరెట్టుతో ఇంకొక నమూనాను కూడ చేసినారు, స్విట్జర్లాండు దానిని పరీక్షకై తెప్పించుకొన్నది గాని పెద్ద సంఖ్యలో ఎవరును కొనలేదు.

అంతలో 105 మిల్లీమీటర్ల గుండు చాలదు, 155 కావలెనన్నారు. పెద్ద చట్రములు లేవు. ఉన్న చిన్న గుఱ్ఱముపైననే ఏనుగు అంబారీని ఎక్కించవలసి వచ్చినది. ఈ విధముగా పుట్టినది ఎఫ్ 3 అను శతఘ్ని. పైన మనము లెక్క కట్టిన 17.4 టన్నుల బండి ఇదియే. కవచపు గది లేదు, టరెట్టు లేదు. తోపు ఆరుబయట ఉండును. పది మంది సిబ్బందిలో ఇద్దరే బండిపై కూర్చుందురు. తక్కిన ఎనమండుగురు, 25 గుండ్లతో సహా, వెంట వచ్చు ఇంకొక బండిలో ఉందురు. సాంషమాఁ జంట బండ్లు జ్ఞప్తికి వచ్చుచున్నవి గదా! కాల్చుటకు ముందు వెనుక ఉన్న రెండు పార రేకులను దించి, బండిని వెనుకకు నడిపి వాటిని నేలలో దిగవేయుదురు. పైన చూచిన 17 టన్నుల బలమును ఆ రేకుల ద్వారా భూమియే మోయును. నాగలి కర్రు దిగినచో ఎడ్ల నడక ఎట్లు బరువగునో అట్లే. ఇరువది కిలోమీటర్ల దూరము కొట్టు ఈ బండి అప్పటి 155 మిల్లీమీటర్ల స్వయంచలిత శతఘ్నులలో మిక్కిలి తేలికైనది. అర్జెంటీనా, వెనిజులా, కువైత్ మొదలగు దేశములు కొన్నవి. అయితే అణ్వాయుధముల కాలములో, విషవాయువుల భయములో, సిబ్బంది ఆరుబయట నిలిచి గుండ్లు నింపుట పెద్ద లోపము. తేలికతనము కొఱకు మనుషుల రక్షణను బలి పెట్టిన డిజైను ఇది. ఇంజనీరింగు మెచ్చుకొనుచునే ఈ మాట కూడ చెప్పవలెను.

ఆ లోపమును దిద్దుటకు 1969 ప్రాంతమున మరల పని మొదలైనది. అప్పటికి ఎ.ఎం.ఎక్స్. 30 అను సొంత ట్యాంకు తయారగుచున్నది. దానిపై మూసిన టరెట్టు నిలిపి, గుండ్లు నింపు పనిని యంత్రమునకు అప్పగించినారు. 1972లో నమూనా, 1977లో తయారీ. బరువు 42 టన్నులు, సిబ్బంది నలుగురే, నిమిషమునకు ఎనిమిది గుండ్లు. బాతిఞోల్ వారు కన్న కల, ఇరువది ఏండ్ల పైగా ఆలస్యముగా, ఇంకొక చట్రముపై నిజమైనది. తరువాత ఫ్రెంచివారి బుద్ధి మరల తేలికతనము వైపు మళ్లినది: 1994లో సీజర్ అను పేర 155 మిల్లీమీటర్ల తోపును ఆరు చక్రముల లారీపై ఎక్కించి చూపినారు. 2008 నుండి అది వారి సైన్యములో ఉన్నది. గొలుసు చక్రములే లేవు. వెనుక పార రేకు మాత్రము అట్లే ఉన్నది.

మన దేశము ఈ కథలో ప్రేక్షకురాలు మాత్రమే కాదు. 1950 దశకములో మన సైన్యము ఎ.ఎం.ఎక్స్. 13 ట్యాంకులను కొన్నది. 1965 సెప్టెంబరు 1న ఛంబ్ రంగములో, తమకన్న బరువైన ప్యాటన్ ట్యాంకులను మనవారు వీటితోనే ఎదుర్కొన్నారు. స్వయంచలిత శతఘ్ని అవసరము పడినప్పుడు ఆవడిలోని మన ఇంజనీర్లు విజయంత ట్యాంకు చట్రమును పొడిగించి, ఒక జత చక్రములు చేర్చి, 130 మిల్లీమీటర్ల తోపును దానిపై నిలిపినారు. 1980 దశకములో సైన్యమునకు వచ్చిన ఈ బండి పేరు క్యాటపల్ట్. విజయంతలో ఇంజను వెనుక ఉండును. పొడిగింపు ఎందుకు అవసరమైనదో పాఠకులు ఇప్పటికే గ్రహించి ఉందురు. అర్జున్ చట్రముపై దక్షిణాఫ్రికా టరెట్టును పెట్టు భీమ్ పథకము, కొనుగోలు వివాదములో చిక్కి నమూనాగానే ఆగినది. తోపు బాగా లేక కాదు, పాత కథయే. చివరకు 2017 ఒప్పందముతో దక్షిణ కొరియా డిజైనుపై వజ్ర అను 155 మిల్లీమీటర్ల స్వయంచలిత శతఘ్నులు నూరు గుజరాతులోని హజీరాలో తయారై 2021 నాటికి సైన్యమునకు అందినవి.

తెలంగాణ గడ్డపై ఈ పని ఎక్కడ నడచుచున్నదందురా? ఒకప్పటి మెదక్ జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారంలో 1984లో ఆర్డినెన్సు కర్మాగారము వెలసినది. రష్యను డిజైనుపై సారథ్ అను పదాతి దళపు కవచ వాహనమును 1987 నుండి అక్కడ తయారు చేయుచున్నారు. 2021 అక్టోబరు నుండి ఆ కర్మాగారము ఆవడి కేంద్రముగా ఏర్పడిన ప్రభుత్వ సంస్థ క్రిందికి వచ్చినది. సారథ్ చట్రమును విప్పి చూచినచో ఆశ్చర్యము కలుగును. డ్రైవరు ముందు ఎడమ, ఇంజను ముందు కుడి, వెనుక సైనికులు కూర్చుండు ఖాళీ గది. ఫ్రాన్సు వారి 13 టన్నుల బండిలోని అమరికయే ఇది. దానిని చూచి దీనిని చేసినారని కాదు. వెనుక చోటు కావలసినవారికి ఇంజను ముందుకు పోక తప్పదు. ఒకే చిక్కుకు రెండు దేశములవారు ఒకే జవాబు వ్రాసినారు.

ఆ వెనుక గదిలో 81 మిల్లీమీటర్ల మోర్టారును నిలిపి, పైకప్పు తలుపులు తెరచి కాల్చునట్లు ఆవడివారు డిజైను చేసిన వాహనము ఎద్దుమైలారంలో తయారైనది. లోపల 108 గుండ్లు పట్టును, ఐదు కిలోమీటర్ల దూరము కొట్టును. 155తో పోల్చినచో ఇది చిన్న తమ్ముడు. గుండు ఎత్తుగా పైకి పోవును గనుక వెనుదన్ను దాదాపు నిలువుగా క్రిందికి దిగును. పార రేకుల పని లేదు, చట్రపు అడుగు, గొలుసులు నేలకు ఒత్తుకొని ఆ బలమును మోయును. ఇదే చట్రముపై 105 మిల్లీమీటర్ల తోపును నిలిపిన నమూనా కూడ కలదు. రేమండ్ సాంచా చల్లారిన రెండు వందల ఏండ్లకు, హైదరాబాదుకు దగ్గరలోనే, తోపు మరల బండి ఎక్కినది.

ఇక మా స్టేషను సంగతి. ఆ సాయంత్రము విద్యార్థికి నేను జవాబు చెప్పలేదు. ఒక గుర్తు మాత్రము చెప్పినాను. గొలుసును త్రిప్పు చక్రమునకు పళ్లుండును, తక్కినవి నునుపుగా ఉండును. సాధారణముగా ఇంజను ఏ కొనన ఉన్నదో పళ్ల చక్రము ఆ కొననే ఉండును. టి-72 వంటి పెద్ద ట్యాంకులలో అది వెనుక, సారథ్‌లో ముందు. టార్పాలిన్ ఎంత కప్పినను చక్రములు కనబడక మానవు. వాడు ప్లాట్‌ఫారము చివర వరకు నడిచి, వంగి వంగి చూచి తిరిగి వచ్చినాడు. "పళ్ల చక్రము ముక్కు వైపే ఉన్నది సార్" అన్నాడు. అంతలో ఎక్స్‌ప్రెస్సు దాటిపోయినది, సిగ్నలు పడినది. వ్యాగన్లు ఒకదాని తరువాత ఒకటి కదులుచుండగా వాడు వాటి చక్రములను లెక్క పెట్టుచు నిలిచినాడు: ప్రక్కకు ఆరు.